అనసూయమ్మ జవాబు మార్చిన రోజు

కిందటి వారం మనం నాగశ్రీని కర్నూలులో, ప్రొఫెసర్ జ్ఞానేశ్వర్ గది గుమ్మంలో వదిలిపెట్టాం. చంకలో సర్వే కాగితాల కట్ట, ముఖంలో దాచుకోలేని కోపం.

వయసు మళ్ళినవాళ్ళు ఎంత ఒంటరిగా ఉన్నారో కొలవాలని ఒక స్వచ్ఛంద సంస్థ పూనుకుంది. ఆ కొలతను బట్టి, పెద్దవాళ్ళు పగటిపూట వచ్చి నలుగురితో కూర్చునే కేంద్రాలు కోయిలకుంట్లలోనూ నందికొట్కూరులోనూ తెరవాలా వద్దా అన్నది తేలుతుంది. పని జ్ఞానేశ్వర్ చేతికి వచ్చింది. ఇల్లిల్లూ తిరిగే బాధ్యత ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న నాగశ్రీ మీద పడింది. కడప పిల్ల, ఎండకు వెరవదు. తిరిగింది, అడిగింది, రాసుకుంది. తీరా లెక్క వేస్తే రెండు ఊళ్ళలోనూ ఒంటరితనం దాదాపు లేనట్టే తేలింది. ఏ ఇంట్లో అడిగినా ఒకటే జవాబు. "నాకేం తక్కువమ్మా? ఇంటినిండా మంది ఉండారు."

"మన సీమలో కుటుంబాలు ఇంకా గట్టిగా ఉన్నాయి. సంతోషించాల్సిన విషయం" అన్నారు జ్ఞానేశ్వర్. కేంద్రాలు అక్కర్లేదని నివేదిక రాయబోయారు. నాగశ్రీ అడ్డం పడింది. కొడుకు ఎదురుగా కూర్చుని ఉండగా నాకు తోడు లేదని ఏ తల్లీ చెప్పదని వాదించింది. కొందరినైనా విడిగా కూర్చోబెట్టి మళ్ళీ అడగనివ్వమంది. ఆయన విసుగ్గా చేయి ఊపారు. "సోమవారం నివేదిక పోవాలి. ఈలోగా నీ ఇష్టం."

మర్నాడు పొద్దున్నే నాగశ్రీ కోయిలకుంట్ల బస్సెక్కింది.

శనగ పీకే రోజులు. రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి చేలల్లో ఆడవాళ్ళు వరసగా వంగి ఉన్నారు. కిటికీలోంచి వాళ్ళను చూస్తూ కూర్చుంది గానీ ఆమె మనసంతా ఒకే ఇంటి మీద ఉంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ముందే నిర్ణయించుకుంది. అన్నిటికన్నా కష్టమైన ఇల్లు. తల్లిని చూసుకోవడమంటే బట్టల అంగడి ధనుంజయను చూసి నేర్చుకోవాలని ఊరంతా చెప్పే ఇల్లు. అక్కడ జవాబు మారితే ఎక్కడైనా మారవచ్చు. అక్కడా మారకపోతే, జ్ఞానేశ్వర్ గారి మాటే నిజమని ఒప్పుకుని సంతకం పెట్టేస్తానని తనకు తాను చెప్పుకుంది.

పెళ్ళిళ్ళ కాలం కావడంతో అంగడి కిటకిటలాడుతోంది. పరుపు మీద చీరల గుట్ట మధ్య కూర్చున్న ధనుంజయ ఆమెను చూసి మర్యాదగానే లేచాడు.

"రాండి మేడమ్. మళ్ళీ వచ్చినారే? మా యమ్మను అడిగి పోయినారు గదా."

"అడిగినాను సార్. ఈసారి ఆమెతో నేనొక్కదాన్నే మాట్లాడాల."

అతని నవ్వు కొంచెం తగ్గింది. "మా ముందర చెప్పలేని మాటలు మా యమ్మకు ఏముంటాయి?"

"ఏమీ లేకపోతే మంచిదే సార్. అదే రాసుకుంటా."

పక్కనుంచి ఎవరో జరీ అంచు చూపించమని అరిచారు. ధనుంజయ అటు తిరుగుతూ, "పోండి, హిమబిందు ఉండాది లోపల" అన్నాడు.

అంగడి వెనకాలే ఇల్లు. నాపరాళ్ళు పరిచిన పెద్ద హాలు. వంటింట్లో కుక్కరు కూత, టీవీలో పాట, పిల్లల పోట్లాట. వాటన్నిటి మధ్య మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది ధనుంజయ తల్లి అనసూయమ్మ. డెబ్భైకి దగ్గరపడిన మనిషి. సన్నటి ఒళ్ళు, లేత రంగు నేత చీర, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. కోడలు హిమబిందు చేతులు తుడుచుకుంటూ వచ్చి అత్త పక్కనే కూర్చుంది, మొన్న కూర్చున్నట్టే.

"మీరు లేకుండా మాట్లాడాలక్కా" అంది నాగశ్రీ.

"నేనుంటే ఏమైతాది మేడమ్? ఆమెకు సరిగ్గా ఇనపడదు. నేను గట్టిగా చెప్పాల."

"నేనూ గట్టిగానే మాట్లాడతా."

హిమబిందు ఇంకేదో అనబోయింది. ఈలోగా అనసూయమ్మ మంచం దిగి చెప్పులు వెతుక్కుంది. "మిద్దె మీద మిరపకాయలు తిరగెయ్యాల హిమా. ఈ పాప సాయం పడతాది లే. నువ్వు పొయ్యి చూసుకోపో" అని, కోడలి మాట కోసం ఆగకుండా మెట్లెక్కింది.

మిద్దె మీద ఎండ చురుక్కుమంటోంది. గుడ్డ మీద ఎర్రగా పరిచిన మిరపకాయల పక్కన, నీళ్ళ ట్యాంకు నీడలో ఇద్దరూ కూర్చున్నారు. కింద బజారు మొత్తం కనిపిస్తోంది.

"మొన్న అడిగినవే మళ్ళీ అడుగుతావా పాపా?"

"లేదవ్వా. ముందు కాగితం తీయను. ఊరికే మాట్లాడుకుందాం. నువ్వు చెప్పింది నీ కొడుక్కు చెప్పను, నీ కోడలికి చెప్పను. ఒకరింట్లో విన్న మాట ఇంకొకరింట్లో చెప్పకూడదని మా పనిలో కట్టడి ఉండాది. నందికొట్కూరులో అడిగినా అంతే, ఈడ అడిగినా అంతే."

"అయితే అడుగు."

"నిన్న ఎవరితో మాట్లాడినావు?"

అనసూయమ్మ నవ్వింది. "అందరితో మాట్లాడినా."

"ఏం మాట్లాడినావు?"

మిరపకాయలు తిరగేస్తున్న చేయి నెమ్మదించింది. "ఏముండాది... 'తింటివా అత్తా' అనె హిమ. 'తింటి' అంటి. 'మాత్ర ఏసుకుంటివా మా' అనె మావోడు. 'ఏసుకుంటి' అంటి. పిల్లోల్లు టీవీ కాడ అడ్డం లెయ్యమన్రి. లేసినా."

"ఇంకా?"

"ఇంకా ఏమి? అంతే గదా." ఆమె కాసేపు ఆలోచించింది. నిజంగానే వెతుకుతోంది, నిన్నటి రోజంతా. ఏమీ దొరకలేదు. "అంతే" అంది మళ్ళీ, ఈసారి మెల్లగా.

నాగశ్రీ తొందరపడలేదు. "సరే, నవ్వొచ్చే సంగతి ఏదన్నా చూస్తే ఎవరికి చెప్తావు?"

అనసూయమ్మ కళ్ళు మెరిశాయి. కళ్ళద్దాలు పైకి తోసుకుని పిట్టగోడ వైపు చూపించింది. "మొన్న ఈడ నిలబడి చూసినా. ఒకాయప్ప పెండ్లాన్ని తోడుకొని మా అంగడికొచ్చె. చీరలు చూసి చూసి విసుగొచ్చి బయట బీడీ కాల్చుకుంటాండె. అంతలో వాళ్ళ ఊరి బస్సు వచ్చె. గబగబా ఎక్కి పాయ! పెండ్లాన్ని అంగట్లోనే మర్చిపోయి పాయ. సందు తిరిగినంక గుర్తొచ్చినట్టుంది, బస్సు నిలిపి, పంచె పట్టుకొని ఉరుకుతా వచ్చె. ఆయమ్మ ఏం చేసిందంటావు? 'వచ్చినావా, కూచో. ఇంకో రెండు చీరలు చూసేది ఉండాది' అనె. మా గుమాస్తా చెప్తాంటే ఇన్నా."

నాగశ్రీ పగలబడి నవ్వింది. మొగుణ్ణి కూచోమన్న ఆ ఇల్లాలి ధీమా తలచుకున్నకొద్దీ నవ్వు ఆగలేదు. అనసూయమ్మ మాత్రం నవ్వడం మానేసి, ఆ అమ్మాయి నవ్వుతున్న ముఖాన్నే కళ్ళార్పకుండా చూస్తోంది.

"భలే చెప్పినావవ్వా. ఎవరెవరికి చెప్పినావు ఇది?"

"నీకే పాపా."

"మరి ఇంట్లో వాళ్ళకు?"

"చెప్పబోయినా. మావోడు అన్నం తింటా లెక్కలు చూసుకుంటాండె. హిమ పిల్లోల్లకు జడలేస్తాండె. 'తర్వాత చెప్పు అత్తా' అనె." ఆమె ఒక మిరపకాయ తుంచి, గింజలు చేతిలో రాల్చుకుంది. "తర్వాత నాకే చెప్పబుద్ధి కాలా."

కింద బజారులో ఎవరో ఎడ్లబండికి దారి ఇవ్వమని కేకలు పెడుతున్నారు. నాగశ్రీ ఆ కేకలు సద్దుమణిగేదాకా ఆగి అడిగింది. "అంతకుముందు ఎవరికి చెప్పేదానివి?"

"షంషాదుకు" అంది అనసూయమ్మ. ఆ పేరు నాలుక మీద సిద్ధంగా ఉన్నట్టు వచ్చింది.

ఆ తర్వాత ఆమెను ప్రశ్నలు అడగాల్సిన పనిలేకపోయింది. షంషాద్ బీ మొగుడు మౌలా సాహెబ్ ఈ అంగడి అరుగు మీదే కుట్టుమిషను పెట్టుకుని బతికాడు. షంషాద్ బీ ఈ ఇంటి పెరట్లోనే కూర్చుని చీరల అంచులు కుట్టేది, చొక్కాలకు కాజాలు తీసేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అనసూయమ్మ కూడా ఒక సూది పట్టుకుని పక్కన చేరేది. అలా ముప్పై ఏళ్ళ పైమాటే. "దానికి కోపమొస్తే ఉర్దూలో తిట్టేది. నాకు అర్థం కాదనుకునేది. నాకు అన్నీ తెల్సు" అని నవ్వింది. మౌలా సాహెబ్ పోయాక ధనుంజయ అంగడి పెద్దది చేశాడు. షట్టర్లు వచ్చాయి, అరుగు పోయింది. షంషాద్ బీ కొడుకు రబ్బానీ తల్లిని తీసుకుని నందికొట్కూరు వెళ్ళిపోయాడు.

"పోయే పొద్దు నా చేతులు పట్టుకొని చెప్పింది. 'కుదురుకున్నంక కబురు పెడతా అనసక్కా, నువ్వు రావాల' అని. మూడేండ్లాయ. కబురే ల్యాదు. మర్చిపోయింటాది. కొత్త ఊరు, కొత్త మంది."

"నువ్వయినా కబురు పెట్టలేదా?"

"మావోనికి చెప్పినా. 'సీజను అయిపోనీ మా, కార్లో పిల్చుకపోతా' అనె. వానికీ తీరిక దొరకల్ల."

అనసక్క. ఆ పిలుపు నాగశ్రీ ఇంతకుముందే విన్నది.

నందికొట్కూరులో ఆ మధ్యాహ్నం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కొడుకు రబ్బానీ ముందు అన్ని ప్రశ్నలకూ "నాకేం తక్కువ" అన్న షంషాద్ బీ, నాగశ్రీని సాగనంపే నెపంతో సందు మొగదాకా వచ్చి, చుట్టూ చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పిన మాట. "నాకొక్కతే సావాసగత్తె ఉండె పాపా. అనసక్క. సచ్చిపాయంట. కడసూపు కూడా దక్కలా." ఆ మాట విన్నాకే గదా, విడిగా అడిగితే జవాబులు మారతాయన్న ఆలోచన నాగశ్రీకి తట్టింది. అయితే ఆ అనసక్క ఎవరో, ఏ ఊరో షంషాద్ బీ చెప్పలేదు. నాగశ్రీ అడగలేదు.

ఆ చచ్చిపోయిన మనిషి ఇప్పుడు తన ఎదురుగా కూర్చుని మిరపకాయలు తిరగేస్తోంది.

నోటిదాకా వచ్చిన మాటను నాగశ్రీ పళ్ళ బిగువున ఆపుకుంది. ముందు పని పూర్తి కావాలి. ఇప్పుడు ఏం చెప్పినా ఈమె జవాబు చెడిపోతుంది. సంచీలోంచి కాగితం తీసింది. మోకాలి మీద ఆనించుకుంది.

"అవ్వా, మొన్న అడిగిన ప్రశ్న ఒకటి మళ్ళీ అడుగుతా. నీకు తోడు లేదని అనిపిస్తాదా? ఎప్పుడూ లేదా, అప్పుడప్పుడా, శానాసార్లా?"

"మొన్న ఏం చెప్పినా నేను?"

"ఎప్పుడూ లేదని."

అనసూయమ్మ మెట్ల వైపు తిరిగింది. మెట్ల గదిలోంచి కుక్కరు కూత, పిల్లల అరుపులు పైకి వస్తున్నాయి. ఆమె అటే చూస్తూ ఉండిపోయింది.

"కొట్టేయ్" అంది చివరికి. "శానాసార్లు అని రాయి."

నాగశ్రీ రాసింది.

"నా కొడుకు మంచోడు, నా కోడలు మంచిది. అది కూడా రాయి పాపా. రెండూ నిజమే."

ఈ కాగితంలో అది రాసే గడి లేదు. నాగశ్రీ అంచున ఖాళీ చూసుకుని రాసింది.

కాగితం మడిచి సంచీలో పెడుతుంటే అనసూయమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. "నందికొట్కూరులో కూడా అడిగినానంటివే. ఆడ షంషాదు కనపడలేదా నీకు? బతికుండాదా అది?"

నాగశ్రీకి జ్ఞానేశ్వర్ మొదటి రోజు చెప్పిన కట్టడి గుర్తొచ్చింది. ఇంతకుముందే తన నోటితో ఇచ్చిన మాటా గుర్తొచ్చింది. షంషాద్ బీ సందు మొగలో చెప్పింది తనకు మాత్రమే. దాన్ని ఇక్కడ విప్పే హక్కు తనకు లేదు. చెప్పకుండా బస్సెక్కి వెళ్ళిపోతే, ఒక ఊళ్ళో ఒకావిడ చచ్చిపోయిందని, ఇంకో ఊళ్ళో ఇంకొకావిడ మర్చిపోయిందని ఏడుస్తూ ఉంటారు. ఆ ఏడుపును తను చక్కగా కొలిచి నివేదికలో పెడుతుంది.

"అవ్వా" అంది చివరికి. "ఆమె చెప్పింది నేను చెప్పను. నా కండ్లతో చూసింది చెప్తా. ఆమె బతికే ఉండాది. నడుస్తాంది, తిరుగుతాంది. ఇల్లు యాడో నాకు తెల్సు."

మణికట్టు మీద పట్టు బిగిసింది. "నన్ను అడిగిందా?"

"అది నువ్వు ఆమెనే అడగాల."

"అయితే పోదాం పా" అంది అనసూయమ్మ, నేల మీద చేయి ఊని లేస్తూ.

"ఈపొద్దేనా?"

"మరి? సీజను అయిపోయేదాకానా?"

ఇద్దరూ కిందికి దిగేసరికి ధనుంజయ అన్నానికి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. తల్లి గదిలోకి వెళ్ళి మంచి చీర కట్టుకుని, చేతిసంచీతో బయటికి రావడం చూసి తువ్వాలు భుజాన వేసుకుని ఎదురొచ్చాడు.

"యాడికి మా?"

"నందికొట్కూరుకు. షంషాదు ఇంటికి."

"ఇప్పుడా? ఈ ఎండలోనా?" అతను నాగశ్రీ వైపు తిరిగాడు. "ఏం చెప్పినారు మేడమ్ మా యమ్మకు? ప్రశ్నలు అడుగుతామని వచ్చి ఇంట్లో మంటలు పెడతారా? ఆ కాగితం చూపీండి, ఏం రాసినారో."

"చూపించను సార్."

"నా ఇంట్లో, నా తల్లి మీద రాసింది నాకు చూపించరా?"

"చూపించను. మీ అమ్మ చూపించమంటే ఆమెకు చూపిస్తా."

ధనుంజయ గొంతు పెరిగింది. "మా యమ్మకు తోడు లేదని రాసుకొని పోయి కర్నూలులో చూపిస్తారా? ఊర్లో నేను తలెత్తుకొని తిరగల్లనా వద్దా?"

"పేర్లు ఎక్కడా ఉండవు సార్..."

"ఆ పాపను ఏంటికి అంటావు?" అంది అనసూయమ్మ. పిల్లలు టీవీ సౌండు తగ్గించారు. "చెప్పింది నేను. తోడు లేదని చెప్పినా. రాయమన్నది కూడా నేనే."

ధనుంజయ ముఖం మీద కోపం అలాగే ఉంది గానీ దాని కింద ఇంకేదో కదిలింది. "ఏం తక్కువ చేసినా మా నీకు?" అన్నాడు. పెద్ద అంగడి యజమాని గొంతు కాదది.

"ఏం తక్కువ చేయలా నాయనా. మందులు, తిండి, గుడ్డ, అన్నీ చూసుకుంటాండావు. ఇంత బాగా చూసుకుంటాంటే తోడు లేదని ఎట్ల చెప్పేదని ఇన్నాళ్ళు నోరు మూసుకుంటి. మొన్న ఈ పాప అడిగినప్పుడు కూడా నీ ముఖం చూసి అట్లాంటిదేమీ లేదంటి." ఆమె చేతిసంచీ ఇంకో చేతికి మార్చుకుంది. "నేనొక మాట చెప్తే నవ్వల్ల, లేకపోతే తిట్టల్ల. అట్లాంటి మనిషి నాకు ఒక్కతే ఉండె. అది యాడుండాదో తెలిసినంక ఈడ కూచోలేను."

"రేపు కార్లో నేనే..."

"రేపు వద్దు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ హిమబిందు అప్పుడు ముందుకు వచ్చింది. చేతిలో స్టీలు టిఫినుడబ్బా. "మొన్న మేడమ్ అడిగిన వాటికి సగం జవాబులు నేనే చెప్తి. అత్తకు ఇనపడదని. ఆమె నోరు తెరిసేలోపలే చెప్తి" అంది మొగుడితో. డబ్బా అత్త సంచీలో పెట్టి చీర కుచ్చిళ్ళు సర్దింది. "పోయి రా అత్తా. వచ్చినంక ఆయమ్మ ఏమనిందో నాకు చెప్పాల. తర్వాత అనను."

ధనుంజయ మంచం మీద కూలబడ్డాడు. నాగశ్రీ అతని దగ్గరికి వెళ్ళి, మిగతావాళ్ళకు వినపడకుండా అడిగింది. "సార్, ఒక్క మాట. షంషాద్ బీకి మీరేమన్నా కబురు పంపించినారా, మీ అమ్మ గురించి?"

"నేనా? నేనేంటికి పంపుతా?" అతను చిరాకుగా తలెత్తాడు. "అరుగు తీయించినానని ఆ రబ్బానీ ఆపొద్దు నడి బజార్లో నన్ను నిలదీసి పాయ. వాళ్ళ నాయిన బతుకంతా గడిచిన చోటు పగలగొట్టిస్తివే అని. ఆపొద్దు నుంచి ఆ ఇంటికీ మాకూ మాటల్లేవు."

నాగశ్రీ నమ్మలేదు. బతికున్న తల్లిని చచ్చిపోయిందని కబురు పెట్టి ఒక స్నేహాన్ని తెంచేసినవాడు ఇంకేం చెబుతాడు? ఆ పని చేసింది ఇతనేనని మెట్లు దిగుతున్నప్పుడే తేల్చేసుకుంది.

నంద్యాల బస్సులో అనసూయమ్మ కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలాక నాగశ్రీ సెల్‌ఫోను మోగింది. జ్ఞానేశ్వర్.

"మొన్న నువ్విచ్చిన నంబరుకు ధనుంజయ గారు ఫోన్ చేశారు. నువ్వు సర్వే చేస్తున్నావా, మనుషులను ఊళ్ళు తిప్పుతున్నావా? మన పని కొలవడం నాగశ్రీ. మార్చడం కాదు. అవతలి మనిషి జీవితంలో నువ్వు వేలు పెట్టాక ఆ కాగితానికి విలువేముంటుంది?"

ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. నాగశ్రీకి అది తెలుసు.

"మీరన్నది సరే సార్. జవాబు రాసుకున్నాకే మాట్లాడినాను. అయినా అనుమానముంటే ఈమె కాగితం లెక్కలోంచి తీసేయండి. కానీ విడిగా అడిగితే జవాబు మారింది సార్. 'ఎప్పుడూ లేదు' అన్న మనిషి 'శానాసార్లు' అనింది. మిగతావాళ్ళను కూడా ఒక్కొక్కరినే అడిగేదాకా కేంద్రాలు అక్కర్లేదన్న నివేదిక మీద నా సంతకం ఉండదు."

"సంతకం లేకపోతే నీ పరిశోధన సంగతేమిటో ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్నాను సార్."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు. నాగశ్రీకి తను అన్న మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

"ఎవురు పాపా? తిడతాండారా నా గురించి?" అంది అనసూయమ్మ.

"లేదవ్వా. పని గురించి."

అనసూయమ్మ డబ్బా మూత తీసి చిత్రాన్నం ఆమె ముందు పెట్టింది. "తిను. తిట్లు తిన్నంక ఆకలైతాది." ఇద్దరూ నవ్వుకున్నారు.

నంద్యాలలో బస్సు మారారు. దారి పొడుగునా అనసూయమ్మ షంషాదుతో ఏమేం చెప్పాలో ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చింది. నాగశ్రీ మాత్రం ఒకే సంగతి ఆలోచిస్తోంది. చచ్చిపోయిందని ఏడ్చి ఊరుకున్న మనిషి హఠాత్తుగా గుమ్మంలో నిలబడితే ఆ ముసలి ప్రాణం ఏమవుతుంది? "అవ్వా, నేను ముందు లోపలికి పోతా. నేను పిలిచినంక నువ్వు రా" అంది. అనసూయమ్మ ఎందుకని అడగలేదు. ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

నందికొట్కూరులో దిగేసరికి పొద్దు వాలుతోంది. ఆటో సందులోకి తిరిగింది. రబ్బానీకి ఇంటి ముందు గదిలోనే అంగడి. బోరు మోటార్లు విప్పి, కాలిపోయిన తీగ తీసి కొత్తది చుడతాడు. మోకాళ్ళ మధ్య మోటారు పెట్టుకుని కూర్చున్నవాడు ఆటో చప్పుడుకు తలెత్తాడు. ముందు నాగశ్రీ దిగింది. ఆమె వద్దంటున్నా వినకుండా, వెనకే అనసూయమ్మ దిగింది.

నాగశ్రీ అతని ముఖాన్నే గమనిస్తోంది. బెదిరిపోతాడనుకుంది. కేక వేస్తాడనుకుంది. పోయిందనుకున్న మనిషిని సాయంత్రం వెలుగులో ఎదురుగా చూసినవాడు ఏం చేస్తాడో అదే చేస్తాడనుకుంది.

రబ్బానీ బెదరలేదు. రాగి తీగ చేతిలోంచి జారి నేల మీద చుట్టలు చుట్టలుగా పడింది. అతను లేచి, రెండు అంగల్లో ఇంటి తలుపు దగ్గరికి వెళ్ళి, దాన్ని దగ్గరికి లాగి, తలుపు కడియం గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు తల వంచుకుని అన్నాడు. "పెద్దమ్మా... నువ్వు ఏదో ఒక పొద్దు వస్తావని నాకు తెల్సు."

నాగశ్రీకి అప్పుడు అర్థమైంది. ధనుంజయ అబద్ధం చెప్పలేదు. ఈమె బతికుందని ఇతనికి మొదటి నుంచీ తెలుసు.

"ఏం నాయనా, ఇంట్లోకి రమ్మనవా?" అంది అనసూయమ్మ, ఏమీ ఎరగని నవ్వుతో.

"రమ్మంటా పెద్దమ్మా. నీ కాళ్ళకు దండం పెడతా, గొంతు తగ్గించు. అంతకుముందు నీకొకటి చెప్పాల. మా యమ్మకు నేను..."

"రబ్బానీ! ఎవురప్పా ఆ గొంతు?" లోపలి నుంచి షంషాద్ బీ కేక. ఆ వెంటనే తడబడే అడుగుల చప్పుడు. "ఎవురు మాట్లాడతాండారు ఆడ?"

రబ్బానీ రెండు చేతులతో కడియం పట్టుకున్నాడు. లోపలి నుంచి తలుపు లాగుతున్నారు.